నూరుసార్లు

ఆ ఏడు అక్రోటు కాయలు ఇంకా చెట్ల మీద ఉండగానే రంపపు మిల్లు పాస్కాల్ మా ఇంటికి వచ్చాడు. ముందు రోజే వాళ్ల నాన్న పోయాడు. మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఫాదర్ ఒక్కరే. అందుకని చావు జరిగిన ఇంటివాళ్లు మొదట నా దగ్గరికి వస్తారు. ఏ కీర్తన పాడాలి, సువార్తలో ఏ భాగం చదవాలి, శవపేటిక దగ్గర కొవ్వొత్తి ఎవరు వెలిగించాలి, ఇవన్నీ వాళ్లతో కూర్చుని నేను కుదురుస్తాను. జీతం లేని పని. చర్చి అప్పగించింది, చేస్తున్నాను.

పాస్కాల్ ఫోను బల్ల మీద పెట్టి ఒక పాట వినిపించాడు. గిటార్లు, డ్రమ్ములు.

"నాన్నకి ఇదంటే ప్రాణమండీ. పేటిక లోపలికి తెచ్చేటప్పుడు పెడదామా?"

అందరికీ చెప్పేదే అతనికీ చెప్పాను. "చర్చిలో పాట మనుషుల నోట్లోంచి రావాలి పాస్కాల్, యంత్రంలోంచి కాదు. సమాధి దగ్గర పెట్టుకోండి. అక్కడ ఎవరూ కాదనరు."

"సమాధి దగ్గర గాలికి ఏం వినపడుతుంది?" అన్నాడు. అయినా తల ఊపి, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

నా భార్య గిలెన్ వంటింట్లో సూపుకి గుమ్మడికాయ కోస్తోంది. అన్నీ విన్నట్టుంది.

"మరి నాకైతే?" అంది.

"నీకేమిటి?"

"నాకూ యంత్రం వద్దంటావా?"

ఎండలు ముదురుతున్నప్పుడే డాక్టరు మాకు చెప్పాడు. గిలెన్ జీవితమంతా నర్సుగా పనిచేసిన మనిషి. డాక్టరు రెండు మాటల మధ్య ఆగితే ఆ ఆగడం కూడా ఆమెకి అర్థమవుతుంది. వచ్చే వసంతంలో చెట్లు చిగురించే వేళకి తను ఉండదని నాకు ఆమే విడమరిచి చెప్పింది. ఆ తర్వాత ఆ విషయం మేము సూపు గురించి మాట్లాడినట్టే మాట్లాడుకుంటూ వచ్చాం. కానీ పాట సంగతి రావడం అదే మొదలు.

"నాకు మాజెల్ పాట కావాలి" అంది. "తలుపు పాట."

ఎన్నేళ్లయిందో ఆ పేరు విని. గాస్పార్ మాజెల్. తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, గిటారు పట్టుకుని పాడేవాడు. పెద్దగా పేరు రాలేదు. గ్రెనోబుల్‌లో మేము చదువుకునే రోజుల్లో ఇద్దరం చెరిసగం వేసుకుని అతని రికార్డు ఒకటి కొన్నాం. పెళ్లికి ముందే మాకున్న ఉమ్మడి ఆస్తి అది. రికార్డు ప్లేయరు పాడయ్యాక అదెక్కడ పెట్టామో నాకు గుర్తు లేదు.

"కాయలు ఆరబెట్టే అటక మీద ఉంది" అంది గిలెన్. "పాత దుప్పట్ల కింద. నేనే పెట్టాను."

*

కాయలు రాలకముందు అటక ఊడ్చడం ఎలాగూ ఉంది. దుప్పట్లు ఎత్తితే రికార్డు కనిపించింది. అట్ట మీద మాజెల్ వాన కోటు వేసుకుని మూసి ఉన్న తలుపు ముందు నిలబడి ఉన్నాడు, ముఖం మనకి కనపడదు. ఒక మూల ఎలుకలు కొరికాయి. వెనక పాటల పేర్లున్నాయి గాని, పాటల్లోని మాటలు అచ్చువేయలేదు. ఆ రోజుల్లో చవక రికార్డులకి అలాంటివి ఉండేవి కావు.

మా అమ్మాయి లూసిల్ వాలాన్స్ నుంచి శనివారం వచ్చింది, రికార్డు ప్లేయరు ఒకటి ఎవరినో అడిగి పట్టుకుని. బల్ల మీద పెట్టి సూది దించింది. ముందు కాసేపు చిరచిర. తర్వాత గిటారు.

నాకు ఒక్కసారిగా చర్చి సిస్టర్లు నడిపే హాస్టలు ముందుగది కళ్లముందుకి వచ్చింది. గిలెన్ నర్సుల బడిలో చదివేది, నేను వ్యవసాయ కోర్సులో. ఆమె ఉండే సిస్టర్ల హాస్టల్లో మగపిల్లలు ముందుగది వరకే రావచ్చు, తలుపు బార్లా తీసి ఉండాలి. కీర్తనలు వినడానికి సిస్టర్లు అక్కడ ఒక ప్లేయరు ఉంచారు. దాని మీదే మేము మాజెల్‌ని వినేవాళ్లం. రైల్వే స్టేషనులో నిద్రపోయే ముసలామె మీద ఒక పాట, మంచుకి ఆగిపోయిన ట్రాము మీద ఒకటి, చివరికి తలుపు పాట. ఒకసారి ముసలి సిస్టర్ ఒకావిడ అటు వెళ్తూ ఆగి, తలుపు పాట చివరిదాకా విని, "పాపం, ఇంత ఓపిగ్గా దేవుణ్ణి వెతుకుతున్నాడు" అంది. ఆమె వెళ్లాక గిలెన్ పగలబడి నవ్వింది. సిస్టర్ అమాయకత్వానికి నవ్విందనుకున్నాను.

ఇప్పుడు పొయ్యి పక్కన కుర్చీలో, ఒళ్లో శాలువాతో, గిలెన్ కళ్లు మూసుకుని వింది. లూసిల్ వింటూ నన్నే చూసింది. పాట అయిపోయాక ఎవరూ సూది ఎత్తలేదు. అది చివరి గీతలో తిరుగుతూ టకటకమంటూ ఉంది.

"మీరిద్దరూ ఇది వినేవాళ్లా?" అంది లూసిల్. "నాన్నని చూస్తే కీర్తనలు తప్ప వేరే పాటలున్నాయని తెలిసినట్టే ఉండదు."

"మీ నాన్న దీన్ని కూడా కీర్తన అనుకునే వినేవాడు" అంది గిలెన్.

*

రికార్డు పెట్టడానికి ఫాదర్ ఒప్పుకోరని నాకు తెలుసు. కానీ మాటలు బాగుంటే, మనుషులే పాడితే, కుదరొచ్చేమోనని ఆశ. ఏ పాటైనా ముందు మాటలు కాగితం మీద రాసి ఫాదర్‌కి చూపించాలన్నది మా పద్ధతి. అందుకని మర్నాడు పూజ నుంచి వచ్చాక బల్ల దగ్గర కూర్చుని, సూది ఎత్తుతూ దించుతూ, పాట రాసుకున్నాను. మొదటి చరణం ఇలా వచ్చింది:

నూరుసార్లు తట్టాను నీ తలుపు
గడియ పడలేదని తెలియక,
చేతుల్లో చలి, జేబులో రొట్టె,
పేరు చెప్పే ధైర్యం లేక.

గిలెన్ కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. కళ్లజోడు పెట్టుకుని చదివి, నవ్వింది.

"మదామ్ జోసరాన్ చూస్తే ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంది. ఇక్కడ తప్పు రాశావు."

మదామ్ జోసరాన్ మా ఊరి బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. చర్చి కాగితాల్లో అక్షర దోషాలు దిద్దకుండా ఆమెకి ఆదివారం గడవదు.

"ఎక్కడ?" అన్నాను.

"మొదటి మాటే. నూరుసార్లు కాదు. నమ్మకం లేకుండా."

మా ఫ్రెంచి భాషలో ఆ రెండూ చెవికి ఒకటే. సాన్ ఫ్వా. నూరుసార్లు అన్నా సాన్ ఫ్వానే, నమ్మకం లేకుండా అన్నా సాన్ ఫ్వానే. రాస్తే తప్ప తేడా తెలియదు. మేమెప్పుడూ ఆ పాట రాసుకోలేదు.

"అతను నూరుసార్లు అనే అంటున్నాడు" అన్నాను. "మళ్లీ పెట్టనా?"

"పెట్టు. ఏం తెలుస్తుంది?"

పెట్టాను. ఏమీ తెలియలేదు.

"ఇన్నాళ్లూ నువ్వు అలా విన్నావా?" అంది.

"నువ్వు ఇలా విన్నావా?"

ఆమె శాలువా అంచున వేలాడే దారం ఒకటి తెంపింది. "నాకు ఈ పాట నచ్చిందే ఆ మాటకి, రేజిస్" అంది. తర్వాత, సూపు పొంగుతోందని చెప్పింది.

*

రోజూ రాత్రి భోజనం కాగానే మేము జపమాల చెప్పుకుంటాం. సగం నేను, సగం ఆమె. పెళ్లైన దగ్గర్నుంచీ తప్పలేదు. ఆ రోజు నా సగం చెప్పి ఆగాను. ఆమె తన సగం చెప్పింది, ఎప్పటిలాగే, ఒక్క మాట తడబడకుండా. నేను ఆమె పెదవుల వైపు చూస్తూ ఉండిపోయి నా వంతు మరిచిపోయాను.

"ఏమిటి ఆగిపోయావు?" అంది.

"ఏం లేదు."

"నా పెదాల మీద ఏముందని చూస్తున్నావు? మీసం మొలిచిందా?"

నవ్వలేకపోయాను. పూస జరిపి మొదలుపెట్టాను.

తర్వాతి రోజుల్లో కాయలు రాలడం మొదలైంది. చెట్లు దులపడానికి మనుషులు వచ్చారు. గిలెన్‌కి వంగే ఓపిక లేదు. అయినా ఇంట్లో ఉండనంది. చెట్ల మధ్య కుర్చీ వేయిస్తే కూర్చుని, బుట్టలోని కాయల పచ్చి తొక్క వలిచింది. ఆ తొక్క రసం అంటితే చేతులు నల్లబడతాయి, ఎంత తోమినా నెల దాకా పోదు.

"తొడుగులు వేసుకో" అన్నాను.

"ఎవరికోసం దాచుకోవాలి ఈ చేతులు?" అంది.

పనివాళ్లు రొట్టె తినడానికి చెట్టు అవతలికి వెళ్లినప్పుడు నేను ఆమె పక్కన బుట్ట బోర్లించి కూర్చున్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మరి ఇన్నేళ్లూ చర్చిలో నా పక్కన కూర్చుని..."

"కూర్చున్నాను కదా."

"ఎందుకు గిలెన్?"

ఆమె కాయ ఒకటి తీసి తొక్క వలుస్తూ ఆలోచించింది. కోపం లేదు. రోగికి మందు ఎలా వేసుకోవాలో చెప్పే గొంతుతో చెప్పింది.

"తలుపు అవతల ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు రేజిస్. చిన్నప్పటినుంచీ తెలియదు. ఆస్పత్రిలో పోయేవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా తెలియలేదు. తట్టడానికి అది తెలిసుండాలని ఎక్కడుంది? చెయ్యి ఉంటే తట్టొచ్చు."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"అంటే నువ్వేం చేసేవాడివి? నా కోసం ప్రార్థన చేసేవాడివి. నాకు నీతో కలిసి చెయ్యడం ఇష్టం. నా గురించి చేయించుకోవడం ఇష్టం లేదు."

పనివాళ్లు తిరిగి వస్తున్నారు. "ఆ పాట పూజ మధ్యలో వద్దు" అంది ఆమె గొంతు తగ్గించి. "పూజ అంతా మామూలుగా జరగనీ. నువ్వు ఏర్పాటు చేసే పూజలు బాగుంటాయి. కానీ ఎక్కడో ఒకచోట ఆ పాట ఉండాలి. ఒక్కసారి. నేను చెప్పిన మాటతో."

*

ఫాదర్ మెన్సా టోగో దేశం నుంచి వచ్చి మా ఊళ్లలో ఉంటున్నారు. నేను వెళ్లేసరికి ఏప్రన్ కట్టుకుని మిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటుకి నాకు దగ్గు వచ్చింది. ఆయన నా చేతుల వైపు చూసి నవ్వారు.

"ఈ నెలంతా ఊళ్లో అందరివీ నా చేతుల రంగే. పూజలో సత్ప్రసాదం పెడుతుంటే సొంతూళ్లో ఉన్నట్టు ఉంటుంది. కూర్చోండి రేజిస్."

కాగితం తీసి బల్ల మీద పెట్టాను. దారిలో ఆ మాట గురించే ఆలోచించాను. నూరుసార్లు అని రాసి ఇస్తే చాలు. ఆయన చదువుతారు, మంచి పాటంటారు. అబద్ధం చెవిలో పడదు, ఎందుకంటే చెవికి రెండూ ఒకటే. కానీ కాగితం మీద గిలెన్ చెప్పినట్టే రాసి తీసుకెళ్లాను.

ఆయన పొయ్యి ఆర్పి, చదివారు. రెండోసారి చదివారు.

"గిలెన్ కోసమా?"

"అవును ఫాదర్."

"రికార్డు పెట్టడానికి వీల్లేదు. మీకు తెలుసు. పాస్కాల్‌కి కాదన్నది మీరే."

"రికార్డు అడగడానికి రాలేదు. మనుషులు పాడితే?"

ఆయన మొదటి మాట మీద వేలు పెట్టారు. "ఇది నూరుసార్లు కూడా కావచ్చు కదా. వింటే తెలియదు."

"నేను అలాగే వినేవాణ్ణి. ఆమె ఇలా వింటుంది."

"మరి నాకు ఇలా ఎందుకు రాసిచ్చారు? మీకే కష్టం కదా."

"మీకు తెలియకుండా పాడితే అది ఆమె పాట కాదు ఫాదర్."

కిటికీ బయట ఎవరో ట్రాక్టరు మీద కాయల బస్తాలు తీసుకెళ్తున్నారు.

"నేను ఇంటికి సత్ప్రసాదం తెచ్చినప్పుడల్లా గిలెన్ తీసుకుంటుంది" అన్నారు. "అది కూడా..."

"తీసుకుంటుంది. మీకు కేకు కూడా పెడుతుంది."

"పెడుతుంది. మంచి కేకు." ముక్కు తుడుచుకున్నారు, మిరప ఘాటుకో దేనికో. "బలిపీఠం ముందు ఇది పాడిస్తే నేను జవాబు చెప్పుకోవాలి. రేపు ఇంకొకరు వస్తారు, వాళ్లకీ చెప్పాలి. కుదరదు." కాగితం మడిచి నా చేతికిచ్చారు. "కానీ పేటికకి గుమ్మం దగ్గర ఎదురొచ్చి లోపలికి తీసుకొచ్చేది నేను. ఆ పూట వస్త్రాలు వేసుకోవడం కొంచెం ఆలస్యమవుతుంది. ఈలోగా గుమ్మం బయట మీరేం చేస్తారో నాకెలా తెలుస్తుంది?"

లేచాను. ఆయన తలుపు దాకా వచ్చారు.

"రేజిస్, మీ సంగతేమిటి? మీరు బాగున్నారా?"

"తెలియదు ఫాదర్. నేను ఇన్నేళ్లు ఒక్కణ్ణే ప్రార్థన చేశానా, ఇద్దరం చేశామా అని ఆలోచిస్తున్నాను."

ఆయన దానికి ఏదీ చెప్పలేదు. చెప్పనందుకు నేను ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటాను.

*

నవంబరు మొదట్లో వచ్చే పునీతుల పండగ దాటాక, కాయలు ఆరాక, ఇరుగుపొరుగు ఒక ఇంట్లో చేరి వాటిని కొట్టి పప్పు తీసే ఆదివారాలు మొదలవుతాయి. ఆ ఏడు మొదటిది మా ఇంట్లో పెట్టమంది గిలెన్. మంచం వంటింట్లోకి మార్పించుకుంది.

బల్ల చుట్టూ అందరూ చేరారు. చిన్న చెక్క సుత్తులతో కొట్టడం మగవాళ్ల పని, పప్పు విరగకుండా తీయడం ఆడవాళ్లది. ఫెర్నాన్ మా పక్క తోట మనిషి. చర్చి గడప తొక్కడు. ఎవరు పోయినా వస్తాడు, కానీ లోపలికి రాకుండా తనలాంటి ఇంకో నలుగురితో గుమ్మం బయట నిలబడి, పూజ అయ్యేదాకా చలిలో కాళ్లు మార్చుకుంటూ ఉంటాడు. మా ఊళ్లో అలాంటి మగవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

"ఏమోయ్ రేజిస్" అన్నాడు సుత్తి ఆడిస్తూ, "నీ దేవుడు ఈ ఏడు వాన ఎక్కువ కురిపించాడు. కాయల్లో సగం నలుపే."

"నీ చెట్లవి మాత్రమే నలుపు. నావి చూడు."

"నీవి చాటుగా మందు కొట్టినవి. అది ప్రార్థన కాదు."

మదామ్ జోసరాన్ పప్పు తీస్తూ తల ఎత్తకుండా అంది: "పోయిన వారం చర్చి కాగితంలో పునరుత్థానం అన్న మాట తప్పు రాశారు. దాన్ని కూడా తప్పు రాస్తే ఇక మనకి మిగిలేదేమిటి?"

అందరూ నవ్వారు. గిలెన్ కూడా నవ్వి, దగ్గి, లూసిల్‌ని రికార్డు పెట్టమంది. పాట అయ్యాక మళ్లీ పెట్టమంది. తర్వాత మళ్లీ. మొదట సుత్తుల చప్పుడుతో కలిసి వినిపించింది, తర్వాత ఎవరో కూనిరాగం తీశారు. చీకటి పడే వేళకి అందరికీ వచ్చేసింది.

"బాగుంది గాని ఒకటే పాట ఎందుకమ్మా?" అన్నాడు ఫెర్నాన్.

"చర్చిలో రికార్డు ఒప్పుకోరు" అంది గిలెన్. "అందుకని మీ నోళ్లు కావాలి."

సుత్తులు ఆగిపోయాయి.

"నేను లోపలికి రానని నీకు తెలుసుగా" అన్నాడు ఫెర్నాన్ మెల్లగా.

"నిన్ను లోపలికి ఎవరు రమ్మన్నారు? గుమ్మంలో పాడు. ఎప్పుడూ నిలబడే చోటే. ఆ రోజు నేనూ కాసేపు నీ పక్కనే ఉంటాను."

ఫెర్నాన్ ఒక కాయ తీసుకుని బల్ల మీద పెట్టాడు. కొట్టలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

*

క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం మొదటి కొవ్వొత్తి వెలిగించకముందే గిలెన్ పోయింది. మధ్యాహ్నం వేళ, పొయ్యి పక్కన, లూసిల్ సూపు తెస్తుండగా. చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. జపమాల ఆ వేళ్లకి చుట్టాను. చుట్టేముందు, చుట్టొచ్చా అని ఒక్క క్షణం ఆగాను, ఆమె నన్ను ఆపేదా అని. ఆపేది కాదనిపించింది.

ఆమె పూజ నేనే కుదిర్చాను. పూజ కాగితం లూసిల్ అచ్చు వేయించింది. కంప్యూటరు ముందు కూర్చుని పిలిచింది. "నాన్నా, పాట మొదటి మాట. అమ్మదా, నీదా?"

"అమ్మది" అన్నాను.

ఆ రోజు మంచు కురవలేదు గాని నేల గట్టిపడి ఉంది. పేటికని గుమ్మం ముందు దించారు. తలుపులు తీసే ఉన్నాయి. లోపల జనం లేచి నిలబడి వెనక్కి తిరిగారు. ఫాదర్ కనపడలేదు. ఫెర్నాన్, మిగతా నలుగురూ టోపీలు తీసి పేటికకి ఆ పక్కన నిలబడ్డారు. ఎవరు మొదలుపెట్టాలో ముందు అనుకోలేదు. తర్వాత ఫెర్నాన్ గొంతు సవరించుకుని, శ్రుతి బాగా కిందికి పట్టి, ఎత్తుకున్నాడు. నేను అందుకున్నాను. లూసిల్ అందుకుంది. లోపలున్న వాళ్లలో ఆ ఆదివారం మా ఇంటికి వచ్చినవాళ్లు లోపలినుంచే కలిశారు. మాజెల్ అంత బాగా ఎవరూ పాడలేదు.

పాట అయ్యాక ఫాదర్ మెన్సా నడవలోంచి నిదానంగా నడిచి వచ్చి, పవిత్ర జలం చల్లి, ఆమెని లోపలికి తీసుకెళ్లారు. ఫెర్నాన్ బయటే నిలబడ్డాడు.

సమాధి దగ్గర అంతా అయ్యాక, జనం చేతులు కలిపి వెళ్తున్నప్పుడు, మదామ్ జోసరాన్ నా దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో పూజ కాగితం, ఇంకో చేతిలో పెన్ను. ఏడ్చినట్టుంది.

"ఈ సమయంలో చెప్పకూడదు గాని రేజిస్, పాటలో ఒక తప్పు దొర్లింది. మొదటి మాట. నూరుసార్లు అని ఉండాలి."

"తప్పు కాదండీ" అన్నాను.

ఆమె మళ్లీ కాగితం చూసింది. పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా, ఒకసారి, ఇంకోసారి. పెన్ను మూత పెట్టింది.

"అలాగా" అంది. "నేను మరి నూరుసార్లు అనే పాడాను."

"నేనూ అంతే" అన్నాను.